వస్తువులలో మనుషుల ముఖాలు: చిత్రకారుడు ఆర్చింబోల్డో

గుండీలు, పప్పుగింజలు, అగ్గిపుల్లలు, సీసామూతలు, పగిలిన గాజుముక్కలు - ఇటువంటి చిల్లర వస్తువులను ఒకదాని ప్రక్కన ఒకటి పేర్చి గాంధీజీ ముఖాన్నో మౌలానా ఆజాద్ ముఖాన్నో రూపొందించడం మన కళాశాల ప్రదర్శనలలో పరిపాటి అయింది. దగ్గరగా నిలబడి చూస్తే గింజలు కనిపిస్తాయి. నాలుగడుగులు వెనక్కు వేస్తే కళ్లజోడు పెట్టుకొన్న మహాత్ముడు కనిపిస్తాడు. చూపరులు చప్పట్లు కొట్టి వెళ్లిపోతారు. ఇది చేతిపని అనీ, సెలవులలో కాలక్షేపమనీ తలచేవారే ఎక్కువ. అయితే ఇదే పనిని జీవితకాలమంతా చేసి, ముగ్గురు చక్రవర్తుల కొలువులో గౌరవమందుకొని, మరణానంతరం దాదాపు మూడు వందల సంవత్సరాలు మరుగునపడి, తిరిగి ఇరవయ్యవ శతాబ్దంలో లోకానికి పరిచితుడైన ఒక చిత్రకారుడున్నాడు. అతడు ఇటలీ దేశీయుడు. పేరు జుసెప్పే ఆర్చింబోల్డో.

చిన్న ముక్కలతో పెద్ద ముఖం కూర్చడం అతనితో మొదలు కాలేదు. రంగురాళ్లను, గాజు పలకలను గోడలో పొదిగి రాజుల ముఖాలు తీర్చిన శిల్పులు అతనికి వెయ్యేళ్లకు ముందే రావెన్నాలో ఉన్నారు. కాని ఆ పొదుగుపనిలో ఒక్కొక్క రాయికి తనదైన అర్థం లేదు. రాయి కేవలం రంగు చుక్క. ఆర్చింబోల్డో చిత్రంలో బేరిపండు ముక్కుగా మారిన తరువాత కూడా బేరిపండుగానే ఉంటుంది. దాని తొక్కమీది మచ్చ కూడా మనకు కనిపిస్తుంది. అతని ప్రత్యేకత అంతా ఇక్కడ ఉన్నది. మరొక సంగతి కూడ పాఠకులు గమనించాలి. అతడు నిజమైన పండ్లను, పుస్తకాలను అతికించలేదు. అన్నిటినీ తైలవర్ణాలతో చిత్రించాడు. అతికించేవానికి వస్తువు సిద్ధంగా చేతికి దొరుకుతుంది. చిత్రించేవాడు దానిని ముందుగా క్షుణ్ణంగా చూడాలి.

ఆర్చింబోల్డో 1526 ప్రాంతంలో మిలాన్ నగరంలో జన్మించాడు. తండ్రి బియాజో కూడ చిత్రకారుడే. మిలాన్ ప్రధాన దేవాలయంలో పనిచేసేవాడు. కుమారుడు తండ్రి వద్దనే విద్య నేర్చి, 1549 నుండి ఆ దేవాలయపు రంగుగాజు కిటికీలకు నమూనాలు గీయడంలో తండ్రికి తోడుగా నిలిచాడు. గాజుముక్కలను సీసపు కమ్ములతో కూర్చి మనిషి ఆకారం తెప్పించే ఆ పనిలో అతని భవిష్యత్తుకు బీజం పడిందని నా ఊహ. 1556లో మోంజా దేవాలయంలో మరొక చిత్రకారునితో కలిసి కుడ్యచిత్రం వేశాడు. 1558లో కోమో దేవాలయం కొరకు అల్లిక తెరకు నమూనా గీశాడు. ఇవన్నీ శ్రద్ధగా చేసిన పనులే. ఇంతటితో అతని జీవితం ముగిసి ఉంటే ఆ నగర చరిత్రలో ఒక పంక్తికి మించి స్థానం దొరికేది కాదు.

1562లో అతడు వియన్నా చేరి హాబ్స్‌బర్గ్ చక్రవర్తి మొదటి ఫెర్డినాండ్ కొలువులో ఆస్థాన చిత్రకారుడయ్యాడు. 1564లో ఫెర్డినాండ్ మరణించగా అతని కుమారుడు రెండవ మాక్సిమిలియన్ సింహాసనమెక్కాడు. ఆస్థాన చిత్రకారుడంటే మనం ఊహించుకొనేంత స్వేచ్ఛ కలిగిన ఉద్యోగం కాదది. రాజకుటుంబీకుల ముఖాలు ఉన్నవి ఉన్నట్లు గీయాలి, పాత చిత్రాలకు నకళ్లు తీయాలి, పండుగలకు అలంకారాలు సమకూర్చాలి. ఇటువంటి వెట్టి నడుమ 1563లో అతడు నాలుగు ఋతువులను నాలుగు ముఖాలుగా చిత్రించాడు.

వసంతం ఒక యువమూర్తి. బుగ్గలు, పెదవులు, కేశపాశం అన్నీ పూలే. వస్త్రం ఆకులు. గ్రీష్మానికి చెక్కిలి పీచ్ పండు, ముక్కు లేత దోసకాయ, పలువరుస విచ్చుకొన్న బఠాణీకాయ, చెవి మొక్కజొన్న పొత్తు. మొక్కజొన్న అమెరికా ఖండం నుండి ఐరోపాకు వచ్చి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ఆనాటి చూపరులకు ఆ చెవి ఒక వింత. గ్రీష్మమూర్తి ధరించిన గడ్డి అంగీ మెడపట్టీలో అల్లికలో కలిసిపోయేటట్లు చిత్రకారుడు తన పేరు నేశాడు, భుజంమీద సంవత్సరం వేశాడు. శిశిరం ముదుసలి. ముఖమంతా బెరడు లేచిన మోడు. పెదవులు చెట్టుకు పుట్టిన పుట్టగొడుగులు. చలికి చాప కప్పుకొన్నాడు. ఎండిన రొమ్మునుండి వ్రేలాడే ఒక చిన్న కొమ్మకు మాత్రం ఒక నిమ్మపండు, ఒక నారింజ పండు ఉన్నాయి. ఆ నాలుగింటిలో శరత్తు పోయింది. గ్రీష్మ శిశిరాలు వియన్నాలోను, వసంతం మాడ్రిడ్‌లోను నిలిచాయి.

ఈ చిత్రాలను మొదటిసారి చూసినవారు నవ్వుతారు. ఆ నవ్వు సహజమే. కాని నవ్విన తరువాత ఆగి చూడవలసినది ఒకటున్నది. మాడ్రిడ్‌లోని వసంత చిత్రంలో సుమారు 80 జాతుల పూలను పండితులు పేరుపేరునా గుర్తించగలిగారు. కల్పించిన పువ్వును ఎవరూ గుర్తించలేరు. మాక్సిమిలియన్ కొలువు వృక్షశాస్త్రానికి నిలయంగా ఉండేది. ఓషధీమొక్కల గ్రంథకర్త మత్తియోలి ఆ రాజకుటుంబానికి వైద్యుడు. తరువాత, 1573లో, క్లూసియస్ అనే మహావృక్షశాస్త్రవేత్త రాజోద్యానం చూసుకొనేందుకు వచ్చాడు. ఇస్తాంబుల్‌లో సుల్తాన్ సులేమాన్ దర్బారులో రాయబారిగా ఉండి 1562లో తిరిగివచ్చిన బుస్‌బెక్ అక్కడి నుండి మొక్కలను, వ్రాతప్రతులను తెచ్చి ఆ కొలువును సంపన్నం చేశాడు. అటువంటి వారి మధ్య తప్పు గీసిన పువ్వు దాగదు. ఆర్చింబోల్డో విడిగా పక్షులను, జంతువులను ప్రకృతిశాస్త్రానికి పనికివచ్చేంత కచ్చితంగా రంగులలో గీశాడు కూడ. వినోదంగా కనిపించే ముఖాల వెనుక ఇంతటి పరిశ్రమ ఉన్నది.

1566 నాటికి ఋతువులకు జతగా నాలుగు భూతాలు సిద్ధమయ్యాయి. అక్కడి శాస్త్రంలో మనవలె ఐదు కావు, నాలుగే. వాయువు, అగ్ని, పృథివి, జలం. జలం ముఖంలో అరవైకి పైగా జలచరాలు ఇరుకుకొని ఉన్నాయి. చేపలు, పీతలు, రొయ్యలు, తాబేలు, తలమీద ఎర్రని పగడపు కొమ్మ. ఆ జిగురు గుంపు మధ్య కంఠాన ముత్యాల హారం, చెవికి ముత్యపు పోగు. దీనిని చూసి అసహ్యించుకొన్నవారున్నారు. నాకైతే ఎనిమిదింటిలో ఇదే గొప్పదనిపిస్తుంది. అగ్నికి జుట్టు మండుతున్న కట్టెలు. ముఖంలో చెకుముకి, చుట్టిన వత్తి, నూనెదీపం. రొమ్ము స్థానంలో ఫిరంగి, పిస్తోలు. ఆ ఫిరంగి ఊరకే రాలేదు. అదే 1566లో మాక్సిమిలియన్ సైన్యానికీ ఉస్మానియా సైన్యానికీ హంగేరీలో యుద్ధం జరిగింది. సిగెత్వార్ కోట ముట్టడిలో ఉండగానే వృద్ధుడైన సులేమాన్ మరణించాడు. 1568లో గాని సంధి కుదరలేదు.

పృథివి ముఖం చతుష్పాద జంతువులతో కూర్చినది. దానిని చూసినప్పుడు మనకు మన దేశపు చిత్రాలు జ్ఞాపకం రాక మానవు. మొగల్ దర్బారులోను, దక్కను సుల్తానుల కొలువులలోను చిత్రకారులు మనుషులనూ మృగాలనూ పెనవేసి ఏనుగును, గుర్రాన్ని, ఒంటెను రూపొందించేవారు. తొమ్మిదిమంది స్త్రీలు కలిసి ఏనుగైన నవనారీకుంజరం తెలుగువారికి కొత్తది కాదు. పారశీక చిత్రకారులకు కూడ ఈ విద్య తెలుసు. ఒకచోటు నుండి మరొకచోటికి ఇది పాకిందనడానికి ఆధారం లేదు. అయితే ఒక భేదం స్పష్టం. మన చిత్రకారులు ఎక్కువగా జంతువును కూర్చారు. ఆర్చింబోల్డో మనిషి ముఖాన్ని కూర్చాడు. జంతువు ఏ ఏనుగైనా ఏనుగే. ముఖమంటే ఎవరిదో ఒకరిది కావాలి. చిక్కు అక్కడ వస్తుంది.

ఋతువులను, భూతాలను కలిపి 1569 నూతన సంవత్సర దినాన చక్రవర్తికి సమర్పించారు. ఫోంతేయో అనే కవి లాటిన్‌లో దీర్ఘమైన పద్యం వ్రాసి వాటి అంతరార్థం వివరించాడు. గ్రీష్మానికి అగ్ని జత, శిశిరానికి జలం, వసంతానికి వాయువు, శరత్తుకు పృథివి. జతలో ఉన్న ముఖాలు ఒకదానినొకటి చూసుకొంటాయి. పరస్పర విరుద్ధమైన వస్తువులు కలహించక ఒక ముఖంగా ఒదిగినట్లు, చక్రవర్తి పాలనలో సమస్తమూ శాంతితో ఒదిగి ఉంటుందని భావం. ఋతువులు శాశ్వతంగా తిరుగుతాయి కనుక ఆ వంశపు ఏలుబడి కూడ శాశ్వతమని స్తుతి. మన ప్రబంధకవుల ఆశ్వాసాంత పద్యాలు చదివినవారికి ఈ ధోరణి సుపరిచితం. మాక్సిమిలియన్‌కు ఇవి ఎంతగానో నచ్చాయి. 1573లో సాక్సనీ పాలకుడైన ఆగస్టస్‌కు కానుకగా ఇచ్చేందుకు ఋతువులను మరల చిత్రింపజేశాడు. ఆ నాలుగు ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉన్నాయి.

ఇదంతా ప్రశంస. ఇక రెండవవైపు చూడాలి. అదే 1566లో అతడు న్యాయవాది అనే చిత్రం వేశాడు. ఆ కొలువులో ఒక న్యాయశాస్త్రవేత్త ఉండేవాడు. వ్యాధి వలన అతని ముఖం వికృతమైంది, గడ్డాన నాలుగు వెంట్రుకలు మాత్రం మిగిలాయి. అతనిని చిత్రించి నవ్వించమని చక్రవర్తి ఆనతి. ఆర్చింబోల్డో ఈకలు పీకిన కోడిమాంసంతో నుదురు, బుగ్గలు, ముక్కు కూర్చాడు. నోటి స్థానంలో చేపను అమర్చాడు. శాలువా, అంగీ ఖరీదైనవే. లోపల దేహం లేదు. రొమ్ము స్థానంలో న్యాయపత్రాలు, లావుపాటి గ్రంథాలు. ముఖం ఎవరిదో కొలువులో అందరూ ఇట్టే పోల్చుకొన్నారట. పండితులు కొందరు అతడు సామ్రాజ్యపు ఉన్నతాధికారి జాసియస్ అని ఊహించారు.

ఈ చిత్రాన్ని ఆనందించడం నాకు కష్టమయింది. రోగంతో చెడిన మనిషి ముఖాన్ని రాజు నవ్వుకొనేందుకు కోడిమాంసంగా మార్చడం చతురత అయితే కావచ్చు గాని, ఔదార్యం మాత్రం కాదు. చేతిపని తిరుగులేనిది కనుకనే గాయం లోతైనది. వస్తువును ఎన్నుకోవడంలోనే తీర్పు ఉన్నదని ఈ చిత్రకారునికి బాగా తెలుసు. పూలు పెడితే స్తోత్రం, మాంసఖండం పెడితే నింద. కుంచె ఒకటే.

ఆ కాలంలోదే గ్రంథపాలకుడు అనే చిత్రం. అది చరిత్రకారుడు వోల్ఫ్‌గాంగ్ లాజియస్‌ను ఉద్దేశించినదని పలువురి అభిప్రాయం. ఇందులో నిందకు కాస్త సౌమ్యత ఉన్నది. దేహమంతా పుస్తకాల దొంతర. తలమీద తెరచిన పుస్తకం జుట్టు. పుటల గుర్తుకు పెట్టే కాగితపు ముక్కలు వ్రేళ్లు. దుమ్ము దులిపే కుచ్చులు గడ్డం. పుస్తకాలను కూడబెట్టడమే గాని చదవనివారిమీద ఇది వ్యంగ్యమని ఒక వ్యాఖ్య ఉన్నది. పుస్తకాలన్నీ మూసే ఉండి, తెరచిన ఒక్కటీ నెత్తిమీద ఉండడం చూస్తే ఆ వ్యాఖ్యను కాదనలేము. మన అధ్యాపకుల విశ్రాంతిగదిలో దీని ప్రతి ఒకటి తగిలించవచ్చునని నాకొకసారి తోచింది గాని, కార్యవర్గంవారు అంగీకరిస్తారో లేదో తెలియదు.

కొలువులో అతని కాలం ఎక్కువగా పండుగలకు ఖర్చయింది. 1571లో చక్రవర్తి సోదరుడు ఆర్చ్‌డ్యూక్ చార్లెస్ వివాహోత్సవం వియన్నాలో జరిగినప్పుడు ఊరేగింపులకు వేషధారణలన్నీ ఇతని రూపకల్పన. ఋతువులు, భూతాలు, నదులు, లోహాలు మనుషులై వీధులలో నడిచాయి. ఆ దుస్తులు చిరిగి పోయాయి, ఆ ఉత్సవాలు మాసిపోయాయి. నమూనాలు మాత్రం 148 మిగిలాయి. వాటిని 1585లో ఒక సంపుటంగా చేసి చక్రవర్తికి సమర్పించాడు. ఇప్పుడవి ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ ప్రదర్శనశాల సొత్తు.

ఆ సంపుటం అందుకొన్నవాడు మాక్సిమిలియన్ కుమారుడు రెండవ రుడాల్ఫ్. 1576లో రాజ్యానికి వచ్చి, 1583లో కొలువును వియన్నా నుండి ప్రాగ్ నగరానికి తరలించాడు. లోకంలోని వింతవస్తువులన్నీ సేకరించాలన్న తహతహ అతనిది. గడియారాలు, రత్నాలు, శంఖాలు, అరుదైన జంతువులు, చిత్రాలు. జ్యోతిష్కులను, రసవాదులను కూడ చేరదీశాడు. ఆర్చింబోల్డో ఆ సేకరణకు కళ్లుగా పనిచేశాడు. 1582లో జర్మనీలోని కెంప్టెన్‌కు వెళ్లి ప్రాచీనవస్తువులను కొనుగోలు చేయడం అందులో భాగమే. అంతకు ముందే 1580లో అతని కుటుంబానికి ప్రభువంశ గౌరవం దక్కింది. పట్టుపురుగుల పెంపకం నుండి పట్టునేత వరకు జరిగే పనులన్నిటినీ ఒక ప్రభువు ఇంటి గోడల కొరకు వరుస చిత్రాలుగా గీశాడు. సంగీతస్వరాలకూ రంగుల ఛాయలకూ పొంతన కుదిర్చి, కాగితంమీద రంగుల వరుసను చూసి వాద్యకారుడు స్వరాలు పలికించేటట్లు ఒక పద్ధతి కనిపెట్టాడని అతని మిత్రుడు కొమానీనీ వ్రాసిపెట్టాడు.

అరవై ఏళ్లు దాటిన తరువాత స్వగ్రామంమీదికి మనసు మళ్లింది. ఎన్నోసార్లు వేడుకొన్న మీదట 1587లో రుడాల్ఫ్ 1550 గిల్డర్ల బహుమానమిచ్చి సెలవిచ్చాడు. మిలాన్ నుండి చిత్రాలు పంపుతూ ఉండాలని మాత్రం నియమం పెట్టాడు. ఆ నియమం వల్లనే అతని పేరు నిలిచిన చిత్రం మనకు దక్కింది.

అదే 1591లో ప్రాగ్ చేరిన వెర్తుమ్నుస్. రోమనుల పురాణాలలో వెర్తుమ్నుస్ ఋతువులకు, మార్పుకు అధిదేవత. ఆ దేవత రూపంలో ఉన్నది రుడాల్ఫ్ చక్రవర్తి. నుదురు పుచ్చకాయ జాతి పండు. ముక్కు బేరిపండు. బుగ్గలు ఎర్రబారిన పండ్లు. కళ్లలో ఒకటి చెర్రీ, మరొకటి మల్బరీ. శిరస్సున ధాన్యపు కంకులు, ద్రాక్ష. ఏ కోతకు వచ్చే పంట అయినా ఆ ముఖంలో ఉన్నది. నాలుగు ఋతువులూ ఒకేసారి ఫలించే పాలన ఇతనిదని భావం. ఇటువంటి చిత్రాన్ని సమ్రాట్టుకు పంపడానికి గుండెధైర్యం కావాలి. రెండు కళ్లు రెండు రకాలుగా, బుగ్గలు ఉబ్బి ఉన్న ముఖాన్ని చూసి రాజు కోపగించుకొంటే పరిహారం లేదు. ఇరవై అయిదేళ్ల క్రిందట న్యాయవాదిని చూసి నవ్విన కొలువులో ఇప్పుడు స్వయంగా చక్రవర్తి ముఖం వస్తువులుగా విడిపోయి నిలిచింది. రుడాల్ఫ్ ఆగ్రహించలేదు. మిక్కిలి సంతోషించి 1592లో చిత్రకారునికి కౌంట్ పాలటైన్ బిరుదునిచ్చాడు. పండుతో చేసిన ముఖం పండినట్లే కుళ్లిపోతుందన్న ఆలోచన ఆ సంతోషంలో రాజుకు కలిగిందో లేదో.

ఆ చివరి సంవత్సరాలలో ఒక తమాషా చిత్రం కూడ వేశాడు. గిన్నెలో ఉల్లిగడ్డలు, దుంపలు, ఆకుకూరలు. తలక్రిందులు చేస్తే ఆ గిన్నె టోపీ అవుతుంది, కూరలు బుగ్గలుబ్బిన తోటమాలి ముఖమవుతాయి. ఇటువంటిదే వంటవాడు అనే మరొక చిత్రం వియన్నాలో ఉండగా వేసినది. సరిగా పెడితే వేయించిన మాంసపు పళ్లెం, తిరగవేస్తే మొరటు మనిషి. వీటిని గోడకు ఎటువైపు తగిలించాలో ప్రదర్శనశాలలవారికి ఈనాటికీ సమస్యే.

1593 జులై 11న మూత్రపిండాలలో రాళ్ల వ్యాధితో మిలాన్‌లో మరణించాడు. రుడాల్ఫ్ 1612లో పోయాడు. ముప్పై సంవత్సరాల యుద్ధం చివర, 1648లో స్వీడన్ సైన్యం ప్రాగ్‌ను కొల్లగొట్టి అతని సేకరణను బళ్లకెత్తుకొని పోయింది. వెర్తుమ్నుస్ అలా స్వీడన్ చేరింది. నేడు అది స్కూక్లోస్టర్ కోటలో ఉన్నది. చక్రవర్తి పోయాడు, వంశస్తుతి పోయింది, కవి వివరించిన అంతరార్థం కూడ పోయింది. పండ్ల ముఖం మాత్రం ఒక వింతబొమ్మగా మిగిలింది. అనుకరించినవారు చాలమంది, చిత్రకారుని పేరు తెలిసినవారు కొద్దిమంది. 1936లో న్యూయార్క్ ఆధునిక కళాప్రదర్శనశాలలో అధివాస్తవిక చిత్రాల ప్రదర్శన జరిగినప్పుడు ఇతనిని వారి పూర్వీకునిగా నిలబెట్టారు. 1987లో వెనిస్‌లో ఇతని పేరుమీదనే పెద్ద ప్రదర్శన జరిగింది. స్వప్నాలను గీసినవారు తమవాడనుకొన్నారు గాని, ఇతడు కలలు గన్నవాడుగా నాకు కనిపించడు. కళ్లు తెరచుకొని చూసినవాడు.

2010లో వాషింగ్టన్ జాతీయ చిత్రశాల ఇతని చిత్రం ఒకటి సంపాదించింది. నాలుగు ఋతువులూ ఒకే శిరస్సులో ఉన్న చిత్రమది. 1590 ప్రాంతంలో గీసి తన మిత్రుడు కొమానీనీకి ఇచ్చుకొన్నాడు. రాజు కొరకు గీసినది కాదు. ముఖం ముదిరిన మోడు. కళ్లు ఆ మోడులో తొర్రలు. చెవి దగ్గర ఆపిల్ పండ్లు, తలమీద ద్రాక్ష, రొమ్మున కొన్ని పూలు. శిశిరంలో మరి మూడు ఋతువుల జ్ఞాపకాలు తగులుకొని ఉన్నట్లుంటుంది. ఇది అతని స్వీయమూర్తి అని కొందరు పండితుల అభిప్రాయం. తలనుండి పొడుచుకొని వచ్చిన కొమ్మ ఒకదానిమీద కొంతమేర బెరడు ఒలిచి ఉన్నది. ఆ తెల్లని చెక్కమీద అతడు తన పేరు వ్రాసుకొన్నాడు.